ఫదక్ నుంచి పీర్ల చావిడి దాకా: బీబీ ఫాతిమా జీవితం – చరిత్ర, జానపదస్మృతి

వ్యాససంగ్రహం

ప్రవక్త ముహమ్మద్ కుమార్తె ఫాతిమా (మరణం క్రీ.శ. 632) పేరు కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పీర్ల పండుగ ద్వారా ముస్లిమేతరులకు సైతం పరిచితమైనదే. ఆ స్మృతిలో ఆమె ప్రధానంగా కర్బలా వీరుల తల్లి, దుఃఖమూర్తి. తొలి అరబ్బీ ఆధారాల్లో కనిపించే ఫాతిమా మాత్రం తిరగలి విసిరి చేతులు కాయలు కాచిన గృహిణి. తండ్రి వదిలిన భూమిలో తన హక్కును పాలకుని ఎదుట అడిగిన కుమార్తె. ఈ రెండు రూపాల మధ్య దూరాన్ని, ఆ దూరం ఏర్పడిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫాతిమా, ఫదక్, పీర్ల పండుగ, రాయలసీమ, గండికోట, స్త్రీల వారసత్వం

1. ప్రవేశిక

రాయలసీమ పల్లెల్లో మొహర్రం అన్న మాట కన్నా ‘పీర్ల పండుగ’ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పరిసరాల్లోని ఎన్నో ఊళ్లలో రామాలయంతో పాటు పీర్ల చావిడి కూడా ఊరి ఉమ్మడి స్థలమే. నెలపొడుపు చూశాక పీర్లను బయటకు తీసి, తోమి, పట్టుబట్టలు కట్టి చావిడిలో నిలబెడతారు. ఎదురుగా గుండం తవ్వుతారు. ఊదు పొగ, చదివింపులు, బెల్లం పానకం, మొక్కుబడులతో పది రోజులు గడుస్తాయి. పీర్లకు పేర్లుంటాయి: మౌలాలీ, హసన్, హుసేన్, కాసిం, అబ్బాస్. చాలాచోట్ల బీబీ ఫాతిమా పేరిట కూడా ఒక పీరు ఉంటుంది. పీర్లకు మొక్కుకొని కన్న బిడ్డలకు హుసేనప్ప, కుళ్లాయప్ప, మస్తానమ్మ వంటి పేర్లు పెట్టుకోవడం ఈ సీమలో హిందూ కుటుంబాల్లోనూ కనిపించే ఆచారం.

ఈ పండుగలో ఫాతిమాను తలచుకొనేది కొడుకుల కోసం కన్నీరు పెట్టే తల్లిగా. కర్బలా యుద్ధం జరిగింది క్రీ.శ. 680 అక్టోబరులో. ఫాతిమా మరణించింది 632లో. అంటే కొడుకు హుసేన్ శిరస్సు తెగిపడటానికి 48 ఏళ్ల ముందే ఆమె ఈ లోకాన్ని విడిచారు. జానపదుడు కాలక్రమాన్ని పట్టించుకోడని దీన్ని కొట్టివేయడం తేలిక. అయితే ఒక చారిత్రక స్త్రీ జీవితంలో లేని సన్నివేశం ఆమె గుర్తింపుగా నిలిచి, ఉన్న సన్నివేశం మరుగున పడినప్పుడు, ఆ మరుగున పడినదేమిటో చూడటం చరిత్ర విద్యార్థి విధి. ఫాతిమా విషయంలో అలా మరుగున పడినది ఒక భూమి తగాదా.

2. ఆధారాల స్వభావం

ఫాతిమా గురించి ఆమె జీవితకాలంలో రాసిన గ్రంథమేదీ లేదు. తొలి జీవితచరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాఖ్ 767 ప్రాంతంలో మరణించాడు. అతని రచన ఇబ్న్ హిషామ్ సంస్కరణ ద్వారా మనకు అందింది. ఇబ్న్ సఅద్ (మరణం 845) తన ‘తబఖాత్’లో ఒక సంపుటాన్ని పూర్తిగా స్త్రీల జీవితాలకు కేటాయించాడు. తొలి ఇస్లాం చరిత్రలో స్త్రీలపై పనిచేసే పరిశోధకులకు ఇప్పటికీ అదే మొదటి మజిలీ. హదీసు సంకలనకర్త బుఖారీ 870లో, చరిత్రకారుడు బలాజురీ 892 ప్రాంతంలో, తబరీ 923లో మరణించారు. సంఘటనకూ రాతకూ నడుమ ఒకటిన్నర నుంచి మూడు శతాబ్దాల దూరం ఉంది. ఆ లోపల సున్నీ, షియా వైఖరులు గట్టిపడ్డాయి. ఫాతిమా గురించిన ప్రతి ఉల్లేఖనం వెనుకా ఒక పక్షం ఉంది.

ఇటువంటి ఆధారాలను చదవడానికి ఒక పాత సూత్రం ఉపయోగపడుతుంది. చెప్పినవారి ప్రయోజనానికి విరుద్ధంగా ఉన్న వాంగ్మూలానికి బరువెక్కువ. తొలి ఖలీఫా అబూబకర్‌పై ఫాతిమా కోపగించి, మరణించేదాకా ఆయనతో మాట్లాడలేదన్న కథనం బుఖారీ సంకలనంలోనే ఉంది. దాన్ని చెప్పినది ఆయిషా. ఆమె ప్రవక్త భార్య, అబూబకర్ కుమార్తె. తన తండ్రిపై మరొక స్త్రీకి కలిగిన ఆగ్రహాన్ని ఆమె దాచలేదు.

ఆధునికుల్లో ఫాతిమాను గురించి రాసినవారు కూడా నిష్పక్షపాతంగా రాశారని చెప్పలేం. 1912లో బెల్జియన్ జెసూట్ పండితుడు హెన్రీ లామెన్స్ ప్రవక్త కుమార్తెలపై ప్రచురించిన పుస్తకం ఫాతిమా పేదరికాన్నీ అనారోగ్యాన్నీ చిన్నచూపుతో చిత్రించింది. దానికి పూర్తిగా ఎదురుగా, 1971లో టెహరాన్‌లో అలీ షరియతీ చేసిన ప్రసంగం ఆమెను ఆధునిక ముస్లిం స్త్రీకి ఆదర్శంగా నిలబెట్టింది. ఆ ప్రసంగం ‘ఫాతిమా ఫాతిమాయే’ అన్న అర్థం గల శీర్షికతో పుస్తకమైంది. ఇస్లాం విజ్ఞానసర్వస్వంలో ఇటాలియన్ విదుషి లారా వెచ్చా వాలియేరీ రాసిన వ్యాసం లామెన్స్ నిర్ణయాలను ఒక్కొక్కటిగా తూచి, ఆధారాలున్నంత మేరకే మాట్లాడింది. ఈ ముగ్గురిలో ఆమె పద్ధతే అనుసరణీయం.

3. మక్కా బాల్యం, మదీనా గృహం

ఫాతిమా జన్మసంవత్సరంపై రెండు సంప్రదాయాలున్నాయి. మక్కావాసులు కాబాను పునర్నిర్మించిన ఏట, అంటే సుమారు 605లో ఆమె పుట్టారని అధిక సంఖ్యాక సున్నీ చరిత్రకారులు చెబుతారు. ప్రవక్తత్వం మొదలైన అయిదేళ్లకు, అంటే 615 ప్రాంతంలో పుట్టారన్నది షియా సంప్రదాయం. మొదటిది సరైతే మరణించేనాటికి ఆమెకు సుమారు 27 ఏళ్లు, రెండవదైతే 18. పదేళ్ల ఈ తేడా కేవలం లెక్కల విషయం కాదు. దైవసందేశం అవతరించాక పుట్టిన బిడ్డగా ఆమెను చూడాలన్న భక్తిభావం రెండవ తేదీలో ఇమిడి ఉంది.

తల్లి ఖదీజా మక్కాలో పేరున్న వర్తకురాలు. ప్రవక్తను వివాహమాడేనాటికి ఆమె వితంతువు. ఈ సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఆరవ విభాగంలో తెలుస్తుంది. జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూమ్ ఫాతిమా అక్కలు. బాల్యానికి సంబంధించి బుఖారీ నమోదు చేసిన సంఘటన ఒకటి ప్రసిద్ధం. కాబా వద్ద ప్రవక్త సాష్టాంగపడి ఉండగా ఖురైష్ ప్రముఖుల ప్రోద్బలంతో ఉఖ్బా అనేవాడు ఒంటె ప్రేగులు తెచ్చి ఆయన వీపుపై వేశాడు. పెద్దలందరూ చూస్తుండగా చిన్నపిల్ల ఫాతిమా పరుగున వచ్చి వాటిని తొలగించి, ఆ మనుషులను మొహం మీదే నిందించింది. నోరెత్తని దుఃఖమూర్తిగా ఆమెను ఊహించుకొన్నవారికి ఈ బాలిక కొత్తగా అనిపించవచ్చు.

619లో ఖదీజా మరణించారు. 622లో వలస జరిగింది. బద్ర్ యుద్ధం తరువాత, 624లో, ఫాతిమా వివాహం ప్రవక్త పినతండ్రి కుమారుడు అలీతో జరిగింది. మెహర్‌గా ఇవ్వడానికి అలీ వద్ద ఉన్నది ఒక యుద్ధకవచం మాత్రమే. కొత్త కాపురానికి వెళ్లిన సామాన్ల జాబితా కూడా హదీసుల్లో చేరింది: ఒక ఉన్ని దుప్పటి, నారతో నింపిన తోలు దిండు, నీళ్ల తోలుసంచి, మట్టి కుండలు, రెండు తిరగలి రాళ్లు. 625లో హసన్, 626లో హుసేన్ పుట్టారు. ఆ తరువాత జైనబ్, ఉమ్మె కుల్సూమ్ అనే ఇద్దరు కుమార్తెలు. 625 నాటి ఉహుద్ యుద్ధంలో గాయపడిన తండ్రికి ఆమె చికిత్స చేశారు. అలీ డాలుతో నీళ్లు పోస్తుండగా ఆమె గాయం కడిగారు. నీటితో రక్తం ఆగకపోవడం చూసి చాపముక్కను కాల్చి ఆ బూడిదను గాయంలో అద్దారు. రక్తం ఆగింది. ప్రత్యక్షసాక్షి సహల్ బిన్ సఅద్ చెప్పిన ఈ వివరం ఆమె చేతిపనితనానికి నిదర్శనం.

ఆ తిరగలి రాళ్ల మాట ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. పిండి విసిరి విసిరి ఫాతిమా చేతులు కాయలు కాచాయి. యుద్ధఖైదీలు మదీనాకు వచ్చారని విని, ఇంటిపనికి ఒక మనిషిని అడుగుదామని ఆమె తండ్రి ఇంటికి వెళ్లారు. ఆయన లేకపోవడంతో ఆయిషాకు చెప్పి వచ్చారు. ఆ రాత్రి భార్యాభర్తలు పడుకొన్నాక ప్రవక్త వారి ఇంటికి వచ్చి, పనిమనిషికి బదులు నిద్రకు ముందు చేయవలసిన దైవస్మరణను నేర్పారు: 33 మార్లు పవిత్రతను కొనియాడటం, 33 మార్లు స్తుతి, 34 మార్లు ఘనతను చాటడం. ఇప్పటికీ ముస్లింలు జపమాలపై లెక్కించే ఈ స్మరణను ‘తస్బీహె ఫాతిమా’ అంటారు. ప్రపంచమంతా వ్యాపించిన ఒక ఆరాధనా విధానానికి మూలం ఒక ఇల్లాలి కాయలు కాచిన చేతులు. భక్తగ్రంథాలు ఈ కథను సహనానికి ఉదాహరణగా చెబుతాయి. ఆ పాఠం అందులో ఉన్నమాట నిజమే. కాని ఆమె అడిగారన్నది కూడా అందులోనే ఉంది. తన శ్రమ భారమని గుర్తించి, దానికి పరిష్కారం కోరి, ఇంటి గడప దాటి వెళ్లారు. ఫదక్ విషయంలో అడిగినది కూడా ఈ స్త్రీయే.

దక్కన్‌లో ఈ తిరగలికి మరొక జీవితం లభించింది. 17, 18 శతాబ్దుల్లో బీజాపూర్ సూఫీ పరంపరకు చెందినవారు ‘చక్కీనామా’ అనే పాటలను దక్కనీ భాషలో కట్టారు. పిండి విసిరేటప్పుడు స్త్రీలు పాడుకొనే వరుసలు అవి. తిరగలి పిడిని ‘అలిఫ్’ అక్షరంతో పోల్చి దైవనామాన్ని బోధిస్తాయి. దక్కన్ గ్రామీణస్త్రీలకు ఇస్లాం పరిచయం కావడంలో ఈ పాటల పాత్రను రిచర్డ్ ఈటన్ తన బీజాపూర్ సూఫీల అధ్యయనంలో విశదంగా చూపాడు. జొన్నలు, కొర్రలు, రాగులు ప్రధానాహారమైన రాయలసీమలో విసురురాయి చుట్టూ తెలుగు స్త్రీల పాటలకూ కొదవ లేదు. మతం ఏదైనా తెల్లవారుజామున రాయి తిప్పే స్త్రీకి ఫాతిమా చేతుల కథను వ్యాఖ్యానించి చెప్పవలసిన పనిలేదు.

4. ఫదక్

ఫదక్ మదీనాకు ఉత్తరాన, ఖైబర్‌కు సమీపంలో ఉన్న ఒయాసిస్సు. ఖర్జూర తోటలు, పంటపొలాలు గల యూదుల గ్రామం. 628లో ఖైబర్ లొంగిపోయాక ఫదక్‌వాసులు యుద్ధం లేకుండానే సంధికి వచ్చి, తమ భూమిలో సగం ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. పోరాటంతో గెలిచిన సొమ్ము సైనికులకు పంచబడుతుంది. పోరాటం లేకుండా వచ్చినదాన్ని ‘ఫయ్’ అంటారు. ఖుర్‌ఆన్ 59వ అధ్యాయం ప్రకారం దాని వినియోగం ప్రవక్త అధీనంలో ఉంటుంది. ఆ రాబడిని ఆయన కుటుంబానికీ, అనాథలకూ, బాటసారులకూ ఖర్చు చేసేవారు.

632 జూన్‌లో ప్రవక్త మరణించారు. అబూబకర్ ఖలీఫాగా ఎన్నికయ్యారు. ఫాతిమా ఫదక్‌నూ, ఖైబర్ భాగాన్నీ, మదీనాలోని భూములనూ తన వారసత్వంగా కోరారు. ఫదక్‌ను తండ్రి తన జీవితకాలంలోనే తనకు దానంగా ఇచ్చారని ఆమె చెప్పినట్టు మరో కథనం. ప్రవక్తలకు వారసులుండరనీ, వారు వదిలినదంతా ధర్మసొత్తు అవుతుందనీ ప్రవక్త చెప్పగా తాను విన్నానని అబూబకర్ బదులిచ్చారు. ప్రవక్త ఎలా ఖర్చు చేశారో తానూ అలాగే చేస్తానని, కుటుంబ పోషణకు లోటు రానివ్వనని కూడా అన్నారు.

వాదం ఇక్కడితో ఆగితే ఇది ఒక ఆస్తి వివాదం మాత్రమే. ఫాతిమా దీన్ని గ్రంథ వ్యాఖ్యాన స్థాయికి తీసుకువెళ్లారని చెప్పే రచన ఒకటుంది. బాగ్దాద్ రచయిత ఇబ్న్ అబీ తాహిర్ తైఫూర్ (819–893) సంకలనం చేసిన ‘బలాగాతున్నిసా’ స్త్రీల వాగ్ధాటికి సంబంధించిన అరుదైన గ్రంథం. ప్రవక్త మసీదులో తెర వెనుక నిలిచి ఫాతిమా చేసినట్టు చెప్పే ప్రసంగం అందులో ఉంది. దావూద్‌కు సులైమాన్ వారసుడయ్యాడని ఖుర్‌ఆన్ 27వ అధ్యాయం చెబుతుంది. జకరియా తనకు వారసుణ్ని ప్రసాదించమని వేడుకోవడం 19వ అధ్యాయంలో ఉంది. ప్రవక్తలకు వారసులుండరన్న మాట వీటితో ఎలా పొసగుతుందన్నది ఆ ప్రసంగంలోని ప్రశ్న. అక్కడ వారసత్వమంటే జ్ఞానమే గాని ఆస్తి కాదని సున్నీ వ్యాఖ్యాతలు సమాధానం చెప్పారు. ప్రసంగం ప్రామాణికత మీద సందేహం తైఫూర్ కాలం నాటికే ఉంది. అబుల్ ఐనా అనే చతురుడు దాన్ని కల్పించాడని కొందరనడాన్ని తైఫూరే ప్రస్తావించాడు. ఈ ప్రసంగంలోని ప్రతి వాక్యమూ ఆమెదని నిరూపించడం సాధ్యం కాదు. కాని 9వ శతాబ్దిలో బాగ్దాద్‌లోని చదువరులు ఒక స్త్రీ గ్రంథప్రమాణంతో ఖలీఫాను నిలదీయడాన్ని నమ్మదగిన విషయంగానే భావించారన్నది ఈ చర్చవల్ల స్పష్టమవుతోంది.

ఆయిషా కథనం ప్రకారం ఫాతిమా తండ్రి తరువాత ఆరు నెలలు జీవించి, అబూబకర్‌తో మాట్లాడకుండానే మరణించారు. చివరిరోజుల్లో అబూబకర్ ఆమె ఇంటికి వెళ్లి ఆమెను సమాధానపరిచారని షఅబీ చెప్పిన కథనాన్ని బైహఖీ నమోదు చేశాడు. సున్నీ సంప్రదాయంలో దానికి ఆదరణ ఉంది. ఖలీఫా ఎన్నిక సమయంలో ఆమె ఇంటివద్ద జరిగిన ఘర్షణపై షియా, సున్నీ కథనాలు మరింత తీవ్రంగా విభేదిస్తాయి. విల్ఫర్డ్ మాడెలుంగ్ 1997లో ప్రచురించిన వారసత్వ వివాద అధ్యయనం ఆ కథనాలన్నింటినీ పోల్చి చూసింది గనుక ఇక్కడ వాటిని తిరిగి చెప్పడం అనవసరం.

ఫదక్ కథ ఫాతిమాతో ముగియలేదు. బలాజురీ ‘ఫుతూహుల్ బుల్దాన్’లో ఫదక్‌కు ప్రత్యేక ప్రకరణమే ఉంది. ముఆవియా ఆ భూమిని మర్వాన్‌కు ఇచ్చాడు. ఉమయ్యద్ ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (పాలన 717–720) దాన్ని ప్రవక్త కాలంనాటి వినియోగానికి, ఫాతిమా సంతతికి మళ్లించాడు. అతని తరువాతివారు వెనక్కు తీసుకొన్నారు. అబ్బాసీ ఖలీఫా మామూన్ హిజ్రీ 210లో (క్రీ.శ. 825–26) మదీనా అధికారికి లేఖ రాసి ఫాతిమా వారసులకు మళ్లీ ఇప్పించాడు. ముతవక్కిల్ రాగానే మళ్లీ లాక్కొన్నాడు. ఒక ఖర్జూరతోట రెండు శతాబ్దాలపాటు ఇలా చేతులు మారడానికి కారణం దాని ఫలసాయం కాదు. ఫదక్ ఎవరిదో తేల్చడమంటే ప్రవక్తకు కుమార్తె ద్వారా వారసత్వం ఉందో లేదో తేల్చడం. అబ్బాసీలు ప్రవక్త పినతండ్రి అబ్బాస్ సంతతి. పినతండ్రి ఉండగా కూతురి కొడుకులకు హక్కెక్కడిదని వాదించిన కవులను వారి ఆస్థానం సత్కరించింది. కాబట్టి మామూన్ లేఖ సొంత వంశపు వాదానికే ఎదురు నిలిచింది.

5. పాడె

ఫాతిమా అంత్యక్రియల గురించి ఇబ్న్ సఅద్ మొదలైనవారు చెప్పిన ఒక ముచ్చట రాజకీయ చరిత్రల్లో సాధారణంగా కనబడదు. స్త్రీల మృతదేహాలను పలచని గుడ్డ కప్పి మోసుకెళ్లడం వల్ల శరీరాకృతి బయటికి తెలుస్తోందని ఫాతిమా బాధపడ్డారు. అస్మా బింతె ఉమైస్ అనే స్త్రీ గతంలో అబిసీనియాకు వలసవెళ్లి అక్కడి ఆచారాలు చూసి వచ్చినవారు. ఆమె పచ్చి ఖర్జూరమట్టలను వంచి పాడెపై గూడులా అమర్చి, పైన గుడ్డ కప్పి చూపించారు. ఫాతిమాకు అది నచ్చింది. ఆమె మృతదేహాన్ని అలీతో కలిసి కడిగినదీ, అలాంటి పాడెను సిద్ధం చేసినదీ అస్మాయే అని సంప్రదాయం. అప్పటికి అస్మా అబూబకర్ భార్య. భర్తకూ ఫాతిమాకూ మధ్య మాటల్లేని రోజుల్లో ఈ స్త్రీ మంచం పక్కన ఉన్నారు. రాత్రివేళ, అబూబకర్‌కు కబురు చేయకుండానే అలీ అంత్యక్రియలు జరిపారని ఆయిషా కథనం. సమాధి జన్నతుల్ బఖీలో ఉందని కొందరు, ఆమె ఇంటిలోనే ఉందని కొందరు అంటారు.

6. దక్కన్‌కు చేరిన ఫాతిమా

కర్బలా గాథలో ఫాతిమాను తల్లిగా ప్రవేశపెట్టినది తరువాతి శతాబ్దుల శోకసాహిత్యం. ఆమె పరలోకం నుంచి కొడుకును చూసి విలపిస్తుంది. శోకసభలకు అదృశ్యంగా వచ్చి భక్తుల కన్నీటిని సేకరిస్తుంది. 16వ శతాబ్ది ఆరంభంలో హెరాత్‌లో హుసేన్ వాయిజ్ కాషిఫీ రాసిన పారశీక గ్రంథం ‘రౌజతుష్షుహదా’ ఈ గాథలకు నిలయమైంది. దాదాపు అదే కాలంలో, 1503లో, అష్రఫ్ బియాబానీ దక్కనీ భాషలో ‘నౌసర్‌హార్’ కావ్యం రాయడం గమనార్హం. దక్కన్ తన కర్బలాను పర్షియా నుంచి అరువు తెచ్చుకోవడానికి ఎంతోకాలం ఆగలేదన్నమాట.

గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. హైదరాబాదు నగరంతోపాటే ముహమ్మద్ కులీ 1590లలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను కట్టించాడు. ఫాతిమా పేరిట వెలసిన బీబీకా అలావా దబీర్‌పురాలో ఉంది. అక్కడి అలంలో ఫాతిమా అంత్యస్నానానికి వాడిన చెక్కపలక ముక్క ఉందని విశ్వాసం. మొహర్రం పదవరోజు ఆ అలంను ఏనుగుపై చాదర్‌ఘాట్ వైపు ఊరేగిస్తారు. అస్మా ఆ దేహాన్ని కడిగిన ఘట్టం ఇలా ఒక చెక్కముక్కగా తెలుగునేలపై నిలిచింది.

ఇక కడప సీమ. జమ్మలమడుగుకు సమీపాన పెన్నానది లోయ అంచున ఉన్న గండికోటను పెమ్మసాని చినతిమ్మానాయుడి నుంచి 1650 ప్రాంతంలో గెలుచుకొన్నవాడు మీర్ జుమ్లా. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వలసవచ్చి వజ్రాల వ్యాపారిగా ఎదిగి కుతుబ్‌షాహీ వజీరైన షియా ఇతడు. 1652లో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే గండికోటలోనే అతణ్ని కలుసుకొన్నాడు. మాధవరాయ, రంగనాథ ఆలయాల పక్కన జామియా మసీదు నేటికీ నిలిచి ఉన్న ఆ కోట, గోల్కొండ ఆస్థాన సంస్కృతి ఈ సీమలోకి వచ్చిన దారికి సాక్ష్యం. కాని పీర్ల పండుగ ఊరూరా వేళ్లూనడాన్ని ఒక సేనాని ఖాతాలో వేయలేం. ఆ తరువాత ఈ ప్రాంతాన్ని ఏలిన కడప మయానా నవాబులు సున్నీ పఠానులు. పండుగ వారి కాలంలోనూ, 1800లో సీమ కంపెనీపరమైన తరువాతా కొనసాగింది. పీర్లను మోసే చేతుల్లో తెలుగే మాతృభాషగా గల దూదేకులవారివి, రైతుకులాలవారివి, దళితులవి ఉండటమే దాని బలం. అనంతపురం ప్రాంతపు గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవాన్ని ఆధారం చేసుకొని అఫ్సర్ 2013లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథం ఈ ఉమ్మడి భక్తిని వివరంగా నమోదు చేసింది. షియా, సున్నీ, హిందూ అన్న గళ్లలో దీన్ని ఇరికించలేమన్న అతని వాదన కడప పల్లెలకూ వర్తిస్తుంది.

ఇళ్లలో ఫాతిమా పేరిట జరిగే మరొక తంతు గురించి చెప్పుకోవాలి. ఏలూరు ప్రాంతవాసి జాఫర్ షరీఫ్ దక్షిణభారత ముస్లింల ఆచారాలను వర్ణిస్తూ దక్కనీలో రాసిన ‘ఖానూనె ఇస్లాం’ను మద్రాసు సర్కారు వైద్యుడు హెర్‌క్లాట్స్ 1832లో ఇంగ్లీషులో వెలువరించాడు. పెళ్లిళ్ల సమయంలో చేసే ‘బీబీకీ సహనక్’ గురించి అందులో ఉంది. ఫాతిమా పేరిట చదివింపులు చేసిన భోజనాన్ని సచ్చరిత్రలైన స్త్రీలు మాత్రమే తినాలి. పురుషులకు ప్రవేశం లేదు. ఉపఖండంలో ఈ ఆచారం పాటించినచోట మారుమనువు చేసుకొన్న స్త్రీకీ ఆ పళ్లెం నిషిద్ధం. ఫాతిమా తల్లి ఖదీజా వితంతువుగా ప్రవక్తను వివాహమాడారు. ఫాతిమా దేహాన్ని కడిగిన అస్మా తొలుత జాఫర్‌కు, తరువాత అబూబకర్‌కు, ఆయన మరణానంతరం అలీకి భార్య. ఈ నియమం ప్రకారం ఆ ఇద్దరికీ ఫాతిమా విందులో చోటు లేదు. ఆరాధనలో ఫాతిమా ఎంత ఎత్తుకు ఎదిగారో, ఆమె చుట్టూ ఉన్న స్త్రీల ప్రపంచం అంతగా కుదించుకుపోయింది. వితంతువును శుభకార్యానికి దూరం పెట్టిన పొరుగు సమాజపు నీడ ఈ పళ్లెం మీద పడిందనే అనుకోవాలి.

7. కూతురి వాటా

ఖుర్‌ఆన్ 4వ అధ్యాయం ప్రకారం కొడుకు లేనప్పుడు ఒక్కతే కూతురుంటే ఆమెకు ఆస్తిలో సగం. ఫాతిమా విషయాన్ని మామూలు వారసత్వంగా లెక్కిస్తే, సున్నీ న్యాయం ప్రకారం ఆమెకు 1/2, ప్రవక్త భార్యలందరికీ కలిపి 1/8, మిగిలిన 3/8 పినతండ్రి అబ్బాస్‌కు చెందాలి. షియా న్యాయంలో కూతురు ఉండగా పినతండ్రికి ఏమీ రాదు. ఆయన భాగం కూడా ఆమెకే చేరుతుంది. స్థిరాస్తిలో భార్య వాటాకు ఆ న్యాయంలో వేరే నియమాలున్నాయి, అది విడి చర్చ. రెండు న్యాయసంప్రదాయాల మధ్య అన్నిటికన్నా పెద్ద వారసత్వభేదం ఇదే. దాని వెనుక ఫదక్ నీడ ఉన్నదని న్యాయచరిత్రకారులు గుర్తించారు. కడప జిల్లా ముస్లింలలో అత్యధికులు హనఫీ సున్నీలు గనుక ఏకైక పుత్రిక ఉన్న ఇంట ఇప్పటికీ మిగులు భాగం తండ్రి అన్నదమ్ముల వైపు పోతుంది.

ఆచరణలో ఈ సగమైనా అందిందా అన్నది వేరే ప్రశ్న. 1937 నాటి షరియత్ చట్టం ముస్లింలకు ఖుర్‌ఆన్ వారసత్వాన్ని వర్తింపజేసింది గాని వ్యవసాయభూమిని మినహాయించింది. పొలమే ఆస్తి అయిన పల్లెలో ఆ మినహాయింపు స్త్రీకి ఏం మిగిల్చిందో చెప్పనక్కరలేదు. కడప జిల్లా అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రం 1949 సవరణతో ఆ మినహాయింపును తొలగించింది. హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమానహక్కును ఆంధ్రప్రదేశ్ 1986 సవరణ చట్టం ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లయినవారికి అది వర్తించలేదు. అంటే పీర్ల చావిడిలో పక్కపక్కన నిలబడి బీబీ ఫాతిమాకు మొక్కే ఇద్దరు స్త్రీలలో, పొలంపై హక్కు చట్టరీత్యా ముందుగా దక్కినది ముస్లిం స్త్రీకి.

చట్టం ఇచ్చినదాన్ని పుట్టింటి సంబంధం తెగకూడదన్న భయంతో అన్నదమ్ములకు రాసిచ్చే పత్రానికి మన రిజిస్ట్రేషన్ భాషలో ‘హక్కు విడుదల దస్తావేజు’ అని పేరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో 1949 తరువాత నమోదైన విడుదల దస్తావేజులను తీసి, సంతకమో వేలిముద్రో పెట్టిన అక్కచెల్లెళ్ల పేర్లను, వారికి ముట్టిన ప్రతిఫలాన్ని, సాక్షుల బంధుత్వాన్ని దశాబ్దాలవారీగా పట్టిక వేయవచ్చు. ఆ పేర్లలో ఫాతిమాబీలు, హుసేనమ్మలు తారసపడతారు. ఈ సీమలో పీర్ల పండుగ మీద జరిగిన పరిశోధన ఇంతవరకు ఎక్కువగా పాటలను, మొక్కులను, గుండం చుట్టూ జరిగే ఆటను సేకరించింది. ఆ కార్యాలయాల బీరువాల్లో ఉన్న కాగితాలను కూడా అదే క్షేత్రపర్యటనలో చూడవచ్చు.